పాస్‌వర్డ్ గడువు తీరితే పని బంద్!
ఇంటి నుంచి పనిచేసే వారికి తప్పని చిక్కులు.. ముందే మార్చుకుంటే మేలు

దుండిగల్: ఉదయం ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. కార్యాలయం తలుపు మాత్రం తెరుచుకోదు. 2020 మార్చి లాక్‌డౌన్ మొదలు ఇంటి నుంచి పనిచేసే విధానం పెరగడంతో దుండిగల్, బౌరంపేట, మల్లంపేట వంటి శివారు ప్రాంతాల ఉద్యోగులకూ ఈ ఇబ్బంది ఎదురవుతోంది. పాస్‌వర్డ్ గడువు తీరడమే ఇందుకు కారణం. సకాలంలో సరిచేసుకోకుంటే ఆ రోజు పని, హాజరు రెండూ దెబ్బతింటాయి.

ఎందుకిలా?
ఇంటి నుంచి కార్యాలయ కంప్యూటర్లను చేరడానికి వీపీఎన్ అనే రక్షిత మార్గం ఉంటుంది. గడువు తీరిన పాస్‌వర్డ్‌ను అది అంగీకరించదు. కొత్తది పెట్టుకోవాలంటే లోపలికి వెళ్లాలి. తాళంచెవి ఇంట్లో ఉంచి తలుపు వేసుకున్న చందమన్నమాట! విండోస్ సర్వర్‌లో ముందుగా ఉండే గడువు 42 రోజులు. సంస్థలు దీనిని తమకు అనువుగా మార్చుకుంటాయి. గడువు సమీపించిందన్న హెచ్చరిక కార్యాలయంలో ఉన్నవారికి కనిపించినా, ఇంట్లో ఉన్నవారికి ఒక్కోసారి కనిపించదు.

ఏం చేయాలి?
* గడువుకు వారం ముందే, వీపీఎన్ కలిపి ఉంచి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలు ఒకేసారి నొక్కి పాస్‌వర్డ్ మార్చుకోవాలి.
* గడువు తీరిపోతే సంస్థ సహాయ కేంద్రానికి ఫోన్ చేయాలి. ‘తొలిసారి ప్రవేశించగానే మార్చాలి’ అన్న నిబంధనతో తాత్కాలిక పాస్‌వర్డ్ ఇస్తే వీపీఎన్ మళ్లీ నిరాకరించే అవకాశముంది. ఆ విషయం ముందే అడగాలి.
* ల్యాప్‌టాప్‌కు అప్పటికి పాత పాస్‌వర్డే గుర్తుంటుంది. పాతదానితో ల్యాప్‌టాప్ తెరిచి, కొత్తదానితో వీపీఎన్ కలపాలి. కలిపి ఉండగానే తెరకు తాళం వేసి, కొత్తదానితో తెరవాలి. అప్పుడే రెండూ ఒకటవుతాయి.
* సెల్‌ఫోన్‌లోని ఆఫీసు మెయిల్‌లోనూ మార్చాలి. లేనిచో అది పాతదానితో పదే పదే ప్రయత్నించి ఖాతా స్తంభించేలా చేయవచ్చు.

మారుతున్న ఆలోచన
తరచూ మార్చమంటే జనం చివరి అంకె మాత్రమే మారుస్తారు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో, మైక్రోసాఫ్ట్ 2019లో గడువు విధానానికి స్వస్తి పలకాలని సూచించాయి. అయినా పాత పద్ధతిని వీడని సంస్థలున్నాయి.

మోసాలతో జాగ్రత్త
‘మీ పాస్‌వర్డ్ గడువు తీరింది, ఇక్కడ నొక్కండి’ అంటూ వచ్చే మెయిళ్లను నమ్మరాదు. ఫోన్‌లో ఎవరడిగినా పాస్‌వర్డ్, ఓటీపీ చెప్పరాదు. మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే తక్షణం 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.