కొండెక్కిన ద్రాక్ష... కొల్లగొట్టిన రికార్డులు!

చిక్కటి ఎరుపు, నాలుకను పట్టేసే వగరు... ఘాటైన రెడ్ వైన్‌కు పెట్టింది పేరు కొండ తోటలు. వెయ్యి మీటర్లు పైకి పోతే వేడి దాదాపు 6 డిగ్రీలు తగ్గుతుంది. అతినీలలోహిత కిరణాల తాకిడి మాత్రం 10 శాతం పెరుగుతుంది. ఆ దెబ్బ కాచుకోవడానికి ద్రాక్ష తన తొక్కను మందం చేసుకుంటుంది. రంగూ వగరూ ఎక్కువగా ఉండేది ఆ తొక్కలోనే! ఇక చదవండి, కొండల మీది ఛాంపియన్ల కథలు.

ఎత్తులో మొనగాడు: టిబెట్‌లో లాసా దగ్గరి ద్రాక్ష తోట. 3,563 మీటర్లు! గిన్నిస్ పుస్తకానికెక్కింది. సుమారు 1,680 మీటర్ల మన అరమకొండలు రెండింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టినా ఇంకో 200 మీటర్లు తక్కువే.

ఆండీస్ ఘనుడు: అర్జెంటీనాలోని సాల్టా రాష్ట్రంలో కొలోమే సంస్థ తోట 'ఆల్టురా మాక్సిమా'. 3,111 మీటర్ల ఎత్తులో మాల్బెక్ ద్రాక్ష! సంస్థ పుట్టింది 1831లో.

తాతలకు తాత: ఆర్మేనియా కొండల్లోని అరేనీ గుహ. అక్కడి వైన్ తయారీ కేంద్రం వయసు సుమారు 6,100 ఏళ్లు. మీటరు వెడల్పు మట్టి తొట్టి, పక్కనే నేలలో పాతిన 50 లీటర్ల పైచిలుకు కుండ. తొట్టిలో దిగి కాళ్లతో తొక్కితే రసం జారి నేరుగా కుండలోకే! గింజలు, తొక్కలు ఇప్పటికీ మిగిలాయి. అదే గుహలో దొరికిన తోలు బూటు వయసు 5,500 ఏళ్లు. అంటే బూటు కన్నా తొట్టే పెద్దది!

గోడల మహారాజు: ఇటలీ ఆల్ప్స్‌లోని వాల్టెల్లినా ద్రాక్ష తోటలు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గట్లు మొత్తం 2,500 కిలోమీటర్లు! హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా రోడ్డు వెంట పరిచినా దాదాపు 900 కిలోమీటర్ల గోడ మిగిలిపోతుంది.

కలగలుపులో కింగ్: పోర్చుగల్‌లోని డౌరో లోయ. పోర్ట్ వైన్‌కు అనుమతి ఉన్న ద్రాక్ష రకాలు 80కి పైనే. పాత తోటల్లో పదుల రకాలు పక్కపక్కనే పెరుగుతాయి, అన్నిటినీ ఒకేసారి కోస్తారు. 1756లోనే దీని సరిహద్దు గీయడం మొదలుపెట్టారు, గుర్తుగా రాతి స్తంభాలూ పాతారు.

నిప్పుతో చెలగాటం: సిసిలీలోని ఎట్నా, యూరప్‌లోకెల్లా ఎత్తయిన సజీవ అగ్నిపర్వతం. దాని వాలుపై దాదాపు వెయ్యి మీటర్ల దాకా ద్రాక్ష తీగలే! ఇక్కడి రెడ్ వైన్ ఎట్నా రోస్సోలో నెరెల్లో మస్కలేజె ద్రాక్ష కనీసం 80 శాతం ఉండాలి. వందేళ్లు దాటిన తీగలూ ఇంకా కాస్తున్నాయి.

మొండితనంలో మేటి: లెబనాన్ వైన్ సంస్థ షాటో ముసార్, పుట్టింది 1930లో. ద్రాక్ష వచ్చేది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న బెకా లోయ నుంచి. 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం! అన్నేళ్లలో చుక్క వైన్ తీయలేని ఏడాది ఒక్కటే, 1976. 1984లోనైతే ద్రాక్ష లారీలు చేరడానికి రోజులు పట్టి, కాయ దారిలోనే పులవడం మొదలెట్టింది.

ఆలస్యంగా గెలిచిన వీరుడు: కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ కొండల రిడ్జ్ మోంటే బెల్లో, 1971 నాటి వైన్. 1976లో పారిస్‌లో జరిగిన వైన్ల పోటీలో ఐదో స్థానం. 30 ఏళ్ల తర్వాత, 2006లో అవే పాత వైన్లతో మళ్లీ పోటీ పెడితే ఫస్ట్!

మనకు దగ్గరి చుట్టం: పెన్నా నది పుట్టిన కర్ణాటక నందికొండలు, ఎత్తు 1,478 మీటర్లు. ఆ కొండల దిగువన గ్రోవర్ వైన్ సంస్థ తోటలు. కాబెర్నే సావిన్యాన్, షిరాజ్ కలిపి చేసే 'లా రిజర్వ్' ఇక్కడిదే.

బుల్లి బుడతడు: స్విస్ ఆల్ప్స్‌లోని సాయోన్ గ్రామంలో ఫారినే తోట. మొత్తం మూడంటే మూడే తీగలు! విస్తీర్ణం రెండు చదరపు మీటర్లు కూడా లేదు. 1999 నుంచి దీని యజమాని ఎవరో తెలుసా? మద్యం ముట్టకూడదన్న నియమమున్న బౌద్ధ భిక్షువు... దలైలామా!