ఆ ముగ్గురిలో మనవాడే మిగిలిపోయాడు!

పీకే బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్‌ బలరాం... 1960ల మొదట్లో భారత ఫుట్‌బాల్‌ అభిమానులకు ఈ మూడు పేర్లూ విడదీయరానివి. ఒకరు పరుగెత్తితే మరొకరు బంతి అందించేవారు. ఇంకొకరు గోల్‌ కొట్టేవారు. ఆ ముగ్గురిలో చునీకి 1983లో, పీకేకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకి మాత్రం రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూసేదాకా రానే లేదు.

ఆ మూడో మనిషి మనవాడే. సికింద్రాబాద్‌ శివార్లలోని అమ్ముగూడలో పుట్టి పెరిగినవాడు!

అమ్ముగూడ నుంచి రోమ్‌ దాకా
పేదింటి కుర్రాడు. బంతి కనిపిస్తే చాలు, తిండీ నిద్రా గుర్తొచ్చేవి కావు. లాలాగూడ రైడర్స్‌ క్లబ్బుకు ఆడుతున్న రోజుల్లో రహీం సాబ్‌ కంట్లో పడ్డాడు. బడిపంతులుగా మొదలై హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టునూ, భారత జట్టునూ తీర్చిదిద్దిన సయ్యద్‌ అబ్దుల్‌ రహీమే ఆయన. గురువు అంచనా తప్పలేదు. 1956-57లో సంతోష్‌ ట్రోఫీ గెలిచిన హైదరాబాద్‌ జట్టులో బలరాం ఉన్నారు. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌కూ వెళ్లారు. అక్కడ భారత్‌ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌ ఫుట్‌బాల్‌లో మన జట్టు అంతకు మించి ఎప్పుడూ వెళ్లలేదు.

1960 రోమ్‌ ఒలింపిక్స్‌లో బలరాం సత్తా ఏమిటో ప్రపంచం చూసింది. హంగేరీ చేతిలో మనం 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్‌ బలరాందే. ఆ హంగేరీయే చివరికి కాంస్యం గెలుచుకుంది. పెరూ మీద 1-3తో ఓడిన మ్యాచ్‌లోనూ మన గోల్‌ ఆయనదే. రెండేళ్ల తర్వాత జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌ మీద ఒకటి, జపాన్‌ మీద ఒకటి కొట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మన జట్టు స్వర్ణం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్లీ స్వర్ణం దక్కలేదు.

కోల్‌కతాలోనూ అంతే. 1961లో ఈస్ట్‌ బెంగాల్‌కు కెప్టెన్‌గా లీగ్‌ టైటిల్‌ సాధించిపెట్టారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. చునీకి అది వచ్చింది ఆ మరుసటి ఏడాదే!

మరి ఎందుకు మరిచారు?
ఊపిరితిత్తుల జబ్బు 30 ఏళ్లు నిండకముందే బలరాంను మైదానానికి దూరం చేసింది. పీకే తర్వాత కోచ్‌గా ఎంతో పేరు తెచ్చుకున్నారు. చునీ క్రికెట్‌లోనూ బెంగాల్‌ రంజీ జట్టుకు కెప్టెన్‌ అయ్యారు. ఇద్దరి పేర్లూ ఎప్పుడూ పత్రికల్లో ఉండేవి. బలరాం హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఒంటరిగా, నిశ్శబ్దంగా బతికారు. పైరవీలు చేసేవాళ్లు లేరు. బెంగాల్‌కు ఆయన హైదరాబాద్‌ నుంచి వచ్చినవాడు. మనకేమో కోల్‌కతా వెళ్లిపోయినవాడు. ఆయన గురించి ఢిల్లీలో గట్టిగా అడగాల్సింది ఎవరు?

కొద్దికాలమే ఆడారు కదా అనేవాళ్లూ ఉంటారు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఆ కొద్దికాలంలోనే రెండు ఒలింపిక్స్‌, ఒక ఆసియా స్వర్ణం! కొలవాల్సింది ఏళ్లనా, ఆటనా?

చనిపోయాక ఇవ్వకూడదా?
అమెరికాలో బేస్‌బాల్‌కి ‘హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌’ అని ఒకటుంది. ఆ ఆటలో అంతకు మించిన గౌరవం లేదు. నల్లజాతివాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో ఆడిన జాష్‌ గిబ్సన్‌ 1947లో చనిపోయారు. 1972లో ఆయన్ను అందులో చేర్చారు. పాతికేళ్లు ఆలస్యమైనా తప్పు దిద్దుకున్నారు.

మన దగ్గర ఆ వీలు తక్కువ. పద్మ పురస్కారాలు మామూలుగా మరణానంతరం ఇవ్వరు. అరుదుగా ఇస్తారు. 2020 సెప్టెంబరులో మనల్ని వదిలి వెళ్లిన ఎస్పీ బాలుకు 2021లో పద్మవిభూషణ్‌ ప్రకటించారు. అదీ ఈమధ్యే పోయినవారి విషయంలోనే. అంటే బలరాంకి ఆ తలుపు దాదాపు మూసుకుపోయినట్లే.

కానీ మన చేతుల్లో ఉన్నవీ ఉన్నాయి. ఒక స్టేడియానికి ఆయన పేరు పెట్టొచ్చు. ఏటా ఒక టోర్నీ జరపొచ్చు. బడి పుస్తకంలో ఒక పాఠం చేర్చొచ్చు. వీటికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా టేకులపల్లి లాంటి అడవి అంచు ఊళ్లలో బడి మైదానంలో బంతి తన్నే పిల్లలకు మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు. ఒలింపిక్స్‌లో గోల్స్‌ కొట్టిన సికింద్రాబాద్‌ కుర్రాడి గురించి వాళ్లకు ఎవరు చెప్పాలి? పద్మశ్రీ రాకపోవడం బలరాం తప్పు కాదు. ఆయన పేరు ఆ పిల్లల దాకా చేరకపోతే మాత్రం అది మన తప్పే.