రంగు పోయిన అద్దకపు నీరు మామిడికి పనికివస్తుందా?

ఏలూరు జిల్లా చాట్రాయి మండలం నూజివీడు మామిడి సీమలోని భాగం. ఇటువంటి తోటల ప్రాంతాలలో వేసవి నీటి కొరత ఏర్పడినప్పుడు, శుద్ధి చేసిన పారిశ్రామిక జలాలను సాగుకు వాడవచ్చునా అన్న ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు వస్తుంది. అద్దకపు నీటి విషయంలో తేటదనాన్ని బట్టి సమాధానం చెప్పరాదు.

నూలు వస్త్రాలకు రియాక్టివ్ రంగులు పట్టించడానికి సాధారణ ఉప్పును లేదా సోడియం సల్ఫేటును, ఆపై సోడా యాష్‌ను అధికంగా కలుపుతారు. రంగులో కొంత భాగం దారానికి అంటుకుంటుంది. ఉప్పు మాత్రం దాదాపు పూర్తిగా వ్యర్థజలంలోకి చేరుతుంది.

ఈ నీటిని విద్యుత్తుతో శుద్ధి చేయడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది విద్యుత్ స్కందనం. ఇందులో ఇనుప లేదా అల్యూమినియం ధనాగ్రం కరిగి, హైడ్రాక్సైడ్ తెట్టెలుగా మారి రంగు అణువులను పట్టుకుంటుంది. ఒక ఆంపియర్ విద్యుత్తు గంటసేపు ప్రవహిస్తే, సిద్ధాంతరీత్యా 1.04 గ్రాముల ఇనుము లేదా 0.34 గ్రాముల అల్యూమినియం కరుగుతుంది. రంగు మడ్డిలోకి మారుతుందే గాని నశించదు. రెండవది విద్యుత్ ఆక్సీకరణం. నీటిలోని క్లోరైడు నుండి ఏర్పడే హైపోక్లోరైట్ అజో బంధాలను ఛేదిస్తుంది. రంగు పోయినా, క్లోరిన్‌తో కూడిన కర్బన పదార్థాలు మిగిలే అవకాశం ఉంది.

ఉప్పు విద్యుత్ ప్రవాహాన్ని సులభతరం చేసి ప్రక్రియకు తోడ్పడుతుంది. అయితే శుద్ధి ముగిసిన తరువాత కూడా సోడియం నీటిలోనే ఉండిపోతుంది. లీటరుకు ఒక గ్రాము ఉప్పు ఉన్న నీటి విద్యుత్ వాహకత సుమారు 2 డెసీసీమెన్స్/మీటరు. ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం 0.7 దాటిన నీటి వాడకంపై పరిమితులు మొదలవుతాయి. 3 దాటితే అవి తీవ్రమవుతాయి. అటువంటి ఒక గ్రాము ఉప్పు నీటిని చెట్టుకు రోజుకు 50 లీటర్ల చొప్పున 100 రోజులు పెడితే, పాదులో 5 కిలోల ఉప్పు చేరుతుంది. మామిడి లవణాలను తట్టుకోలేని పంట. ఆకుల కొనలు మాడి రాలిపోతాయి. సోడియం నేల నిర్మాణాన్ని కూడా చెడగొడుతుంది.

నొయ్యల్ నది కాలుష్యం కారణంగా 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు తిరుప్పూరు అద్దకపు పరిశ్రమల మూసివేతకు ఆదేశించింది. అక్కడ రైతులను బాధించినది రంగు ఒక్కటే కాదు, నీటిలో కరిగిన లవణాలు కూడా.

అందువలన విద్యుత్ రసాయనిక శుద్ధిని తొలి దశగానే పరిగణించాలి. తదుపరి రివర్స్ ఆస్మాసిస్‌తో లవణాలను వేరుచేసి, ఆ నీటిని తిరిగి అద్దకానికే వాడుకోవడం మేలు. సాగుకు సిఫారసు చేయవలసి వస్తే విద్యుత్ వాహకత, సోడియం అధిశోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేట్, క్లోరైడు, భార లోహాలు, రసాయనిక ఆక్సిజన్ అవసరం అన్న ఆరింటి పరీక్షా ఫలితాలను ముందుగా పరిశీలించాలి.