బరువు దిగిన పేజీ

యూట్యూబ్‌లో వీడియో చూసే పేజీ 2009 ప్రాంతంలో 1.2 మెగాబైట్ల దాకా పెరిగిపోయింది. అక్కడ డెవలపర్‌గా ఉన్న క్రిస్ జకారియస్ దాన్ని వంద కిలోబైట్ల లోపుకు తేవాలని పూనుకున్నాడు. అక్కర్లేని హంగులన్నీ తీసేసి, చివరికి 98 కిలోబైట్లకు దించాడు. ‘ఫెదర్’ అని పేరుపెట్టిన ఆ పేజీని కొందరు వీక్షకులకు ఇచ్చి చూస్తే, లోడయ్యే సగటు సమయం తగ్గకపోగా పెరిగింది!

ప్రాంతాలవారీగా చూశాక గుట్టు తెలిసింది. ఆగ్నేయాసియా, దక్షిణ అమెరికా, ఆఫ్రికా, సైబీరియాల నుంచి కొత్తగా జనం వస్తున్నారు. వాళ్ల నెట్‌కు పాత పేజీ తెరుచుకోవాలంటే 20 నిమిషాలు దాటేది. అంతసేపు ఎవరు ఆగుతారు? ఫెదర్ వచ్చాక రెండు నిమిషాలు దాటినా, మొత్తానికి తెరుచుకుంది. అన్నాళ్లూ లెక్కకే రానివాళ్లు లెక్కలోకి రావడంతో సగటు పెరిగింది.

యూజర్ ఎక్స్‌పీరియన్స్ అనగానే రంగులు, బటన్లు గుర్తొస్తాయి. చదివేవాడికి మొదట తగిలేది మాత్రం డెవలపర్ తీసుకున్న నిర్ణయాలే. వార్త చదువుతుంటే పైన ప్రకటన ఊడిపడి వాక్యం కిందికి జారిపోవడం అందరికీ అనుభవమే. ఫొటోకో ప్రకటనకో ఎంత చోటు కావాలో కోడ్‌లో ముందే చెబితే బ్రౌజర్ ఆ జాగా ఖాళీగా అట్టేపెడుతుంది, పేజీ కదలదు. చిన్న పనే, అయినా చాలాచోట్ల చేయరు. గూగుల్ ఈ కుదుపుకు కొలత పెట్టింది: 0.1 మించకుంటేనే మంచి పేజీ. ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలో కనిపించాలన్నది మరో కొలత.

తెలుగు పేజీకి ఇవి చాలవు. ‘స్త్రీ’ మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. శీర్షికను సంకేతాలు లెక్కబెట్టి కత్తిరించే ప్రోగ్రామ్ ఆ అక్షరాన్ని మధ్యలోనే నరికేయొచ్చు. ఇంగ్లిషుకు సరిపోయేలా వరుసల మధ్య ఎడం పెడితే ఒత్తులు కింది వరుసకు తగులుతాయి, పెట్టె ఇరుకైతే తెగిపోతాయి. పరీక్షలన్నీ ఇంగ్లిషు వాక్యాలతో చేస్తే ఇవేవీ బయటపడవు.

తెలుగు పాఠకుల కోసం సైట్లు కట్టే డెవలపర్లకు ఒక విన్నపం: విడుదలకు ముందు మీ పేజీని తక్కువ ధర ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేనిచోట, ఒత్తులు దండిగా ఉన్న శీర్షికతో ఒకసారి తెరిచి చూడండి.