పసివాని యాగ్రహము – పెద్దల యోరిమి



రెండేండ్లు మొదలు నాలుగేండ్ల వఱకుఁ గల బిడ్డ యేదో కోరును, అది లభింపదు. వెంటనే నేలఁబడి కాళ్లు తన్నుకొనును, కేకలు వేయును, చేతికందినది విసరును. దీనిని మనము మొండితనమందుము. తలిదండ్రులు పొలమునకుఁ బోయిన పగటివేళ దీని నెదుర్కొనువారు అవ్వతాతలే. కావున నీ మాటలు వారికే చెప్పుచున్నాను.

ఈ యాగ్రహము నేఁటిది గాదు. భాగవతమున దశమస్కంధమునందు యశోద చన్నిచ్చుచుండఁగాఁ బొయ్యిమీఁది పాలు పొంగెను. ఆమె బాలకృష్ణుని దించి పరువెత్తెను. ఆఁకలి తీఱని బాలుఁడు ఱాతితోఁ బెరుగుకుండను బగులఁగొట్టెను. నోటఁ జెప్పుకొనలేని బాధను జేతితోఁ జెప్పెను.

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునఁ బనిచేసిన ఫ్లారెన్స్ గుడినఫ్ అను విదుషి, తల్లులచే దినచర్యలు వ్రాయించి, పసివారి కోపమును గూర్చి 1931లో నొక గ్రంథము ప్రకటించెను. భోజనమునకు ముందును, అలసినపుడును గోపము హెచ్చని యందుఁ దేలినది. 2003లోఁ బోటెగల్, డేవిడ్సన్ అను పరిశోధకులు మఱియొకటి గుర్తించిరి: కోపము మొదట వేగముగా లేచి తగ్గును, దుఃఖము మాత్రము కడవఱకు నుండును. అనఁగా, చివరకు బిడ్డ కోరునది యోదార్పే. ఆవేశమును బట్టి నిలిపెడి మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటినఁ గాని పరిపక్వము కాదు. మూఁడేండ్లవానియందు నిగ్రహమును వెదకుట మొలకయందుఁ గాయను వెదకుటయే.

మన గండికోట లోయలోఁ బెన్నేటికి వఱద వచ్చినపుడు గట్టు వేయఁబూనువాఁడు లేఁడు. గట్టు ముందే వేసికొందుము. వఱద వచ్చినప్పుడు ఒడ్డున నిలుతుము. పసివాని విషయమునను అంతే.

వేళకు సంగటిముద్ద, మధ్యాహ్నపు నిద్ర, ఆట మాన్పించుటకుఁ గొంత ముందుగా నొక హెచ్చరిక, "ఎఱ్ఱచొక్కాయా, పచ్చచొక్కాయా?" యని యెన్నుకొననిచ్చుట: ఇవి గట్లు. కోపము వచ్చిన పిమ్మట, పొయ్యి, బావి, బండ్లు దగ్గఱ నున్నచో బిడ్డను దూరముగాఁ గొనిపోయి ప్రక్కనఁ గూర్చుండవలెను. "నీకుఁ గోపము వచ్చినది, నేనిక్కడనే యున్నాను" అన్నఁ జాలును. అప్పుడు నీతిబోధ చెవికెక్కదు. ఏడ్పు మాన్పుటకై కాదన్న వస్తువునో, సెల్‌ఫోనునో చేతికిచ్చితిమా, ఏడ్పే దానికి వెలయని బిడ్డ నేర్చుకొనును. కొట్టితిమా, బలవంతుఁడు దుర్బలుని గొట్టవచ్చునని నేర్చుకొనును. బూచివాని పేరు నోరు మూయించును గాని, బాధను జెప్పుకొనుట నేర్పదు. బిడ్డ బెదరెనని చూడఁగానే యశోద చేతికఱ్ఱను బాఱవైచెను. ఆ వెనుక ఱోటఁ గట్టెను గదా యందురేమో. అది భగవంతుని లీల, మన కనుకరణీయము గాదు. వేగము తగ్గి యేడ్పు మెత్తబడఁగానే యొడిలోనికిఁ దీసికొనుఁడు. "బొమ్మ విఱిగినందుకు నీకు దుఃఖము కలిగినది" అని కారణమును మాటలలోఁ బెట్టుఁడు. నేఁడు మనమిచ్చిన మాట ఱేపు ఱాతికి బదులుగా వానికిఁ బనికివచ్చును.

ఒక హెచ్చరిక. కొందఱు పిల్లలు ఏడ్చి యేడ్చి యూపిరి బిగఁబట్టి, పెదవులు నీలమై, స్పృహ తప్పుదురు. చాలవఱకు నొక నిమిషములోపలనే తేఱుకొందురు. అట్టియెడఁ బ్రక్కకుఁ బరుండఁబెట్టవలెను, నోట నీరు పోయరాదు, కుదుపరాదు. తేఱుకొన్న పిమ్మట వైద్యునికిఁ జూపవలెను. రక్తములో నినుము కొఱఁత యిందుకొక కారణమగుట గలదు. అది చికిత్సచేఁ దీఱును. అయిదేండ్లు దాటినను ప్రతిదినము పలుమాఱు లిట్టి యాగ్రహము వచ్చుచున్నను, బిడ్డ తన్నుఁ దాను గాయపఱచుకొనుచున్నను వైద్యుని సలహా యవసరము.

రచ్చబండపై మండిపడుచు వచ్చిన వాదిని మీరు కూర్చుండఁబెట్టుదురు, మంచినీళ్లిత్తురు, చల్లాఱిన పిదప మాట విందురు, న్యాయము కానిది మాత్రమీయరు. మూఁడేండ్ల వాదికిని ఆ మర్యాదయే చెల్లును.