నిప్పులు మ్రింగు గొట్టములు

ఉత్తర కరోలినా రాష్ట్రమున రాలీ, డర్హమ్ నగరముల నడుమ, 1959లో నెలకొన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు చెంతనే యున్న మోరిస్‌విల్, 2000 సంవత్సరపు జనగణనలో 5,208 మందితో చిన్న ఊరుగా నుండి, 2020 నాటికి 29,630 మంది నివసించు పట్టణమైనది. ఈ వృద్ధిలో తెలుగునాటినుండి వచ్చి స్థిరపడిన కుటుంబముల పాలు తక్కువది కాదు. ఏవియేషన్ పార్క్‌వే మీది హిందూభవనమునకు పండుగనాడు పోయి కార్లు నిలుపు చోటును పరికించినచో, సంసారపక్షపు బండ్ల వరుసలో, బానెట్ మీద గాలిపీల్చు ముక్కుతో నిలిచిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఒకటైనను కనబడకపోదు. వారమంతయు సాఫ్ట్‌వేరు కొలువు చేసి, శనివారము గరాజు తలుపెత్తి చేతులకు నూనె పూసికొను యువకులు మనవారిలో నేడు కలరు. వారి నోట తరచుగా వినవచ్చు ప్రశ్న యిది: "అన్నా, కంపెనీ మానిఫోల్డ్ తీసేసి వేరేది వేయిద్దామనుకుంటున్నా. ఏది తీసుకోమంటావ్?"

ఈ ప్రశ్నకు ముందు మరియొక ప్రశ్న కలదు: ఇంజిను పొగను టర్బోకు చేర్చు మానిఫోల్డ్, మార్చదగినది, నీ కారునకు అసలు ఉన్నదా? హోండా సివిక్ టైప్ ఆర్ యొక్క కె20సి1 ఇంజినులోను, ఏడవతరపు గోల్ఫ్ జీటీఐ ఇంజినులోను ఎగ్జాస్ట్ మార్గములు సిలిండర్ హెడ్‌లోనే పోతపోయబడి, టర్బో దానికే నేరుగా బిగింపబడును. అట్టి బండి గలవాడు మానిఫోల్డ్ కొరకు ఉంచిన సొమ్మును వేరొకదానికి మళ్లించుకొనవచ్చును.

వ్యర్థముగా పోవు పొగచేతనే చక్రమును త్రిప్పించి, ఆ చక్రముచేత ఇంజినులోనికి గాలిని కుక్కవచ్చునను టర్బో ఊహకు స్విట్జర్లాండు ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో సామాన్యులు కొనదగిన కార్లలోనికి, ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్, షెవ్రొలె కార్వేర్ మోంజా రూపమున, అది 1962లో ప్రవేశించెను. సిలిండరునుండి ఆ చక్రము వరకు గల జానెడు మూరెడు దారియే మానిఫోల్డ్. ఆ దారిలో పొగ తన వేగమును, వేడిని ఎంత తక్కువగా పోగొట్టుకొనునో, టర్బో అంత త్వరగా మేల్కొనును.

అయితే పొగ ఏకధారగా రాదు. ఎగ్జాస్ట్ వాల్వు తెరచుకొనినప్పుడెల్ల ఒక్కొక్క దెబ్బగా వచ్చును. నాలుగు సిలిండర్లు వరుసగా నిలిచిన ఇంజినులో 1-3-4-2 అను క్రమమున దహనము జరుగుచుండగా, మొదటి సిలిండరు తన చివరి పొగను వెడలగొట్టుచు, కొత్తగాలికై ఇన్‌టేక్ వాల్వును తెరచుచున్న సమయముననే, మూడవదాని తొలిదెబ్బ బలముగా వెలువడును. ఈ రెండింటికి దారి ఒకటే యైనచో, మూడవదాని పొగ మొదటిదానిలోనికి వెనుకకు దూరి, రావలసిన గాలి చోటు ఆక్రమించును. కనుకనే 1, 4 సిలిండర్లను ఒక జతగా, 2, 3 సిలిండర్లను మరొక జతగా టర్బో ముఖద్వారము వరకు వేరుపరచి కొనిపోవు ట్విన్ స్క్రోల్ పద్ధతి పుట్టినది. మానిఫోల్డ్ మాత్రము విభజింపబడి టర్బో హౌసింగ్ విభజింపబడనిచో, ఆ శ్రమయంతయు రెంటిని కలిపి బిగించు పలకయైన ఫ్లాంజ్ వద్దనే వ్యర్థమగును. రెంటిని కలిపియే కొనవలెను.

మనవారికి ప్రీతిపాత్రమైన సుబారు సంగతి కొంత వేరు. 2002 నమూనాతో అమెరికాకు వచ్చిన డబ్ల్యూఆర్ఎక్స్‌లోను, తరువాతి ఎస్‌టీఐలోను, ఎదురెదురుగా పరుండియున్న సిలిండర్లనుండి పొగ వేర్వేరు పొడవుల గొట్టములలో ప్రయాణించి ఒకచోట కలియుటవలననే ఆ ప్రసిద్ధమైన గుడగుడధ్వని పుట్టుచున్నది. సమానమైన పొడవుల గొట్టములు వేసినవాడు సిలిండర్ల నడుమ సమతను పొందును గాని, ఆ ధ్వనిని వదలుకొనవలసియుండును. ధ్వనికొరకే కారు కొన్నవానిని నేను నిందింపను; ఐనను డబ్బు చెల్లించుటకు ముందే ఈ మాట అతడు వినియుండవలెనని కోరుదును.

ఇక అన్నింటికన్న ముఖ్యమైనది లోహము. పెట్రోలు టర్బో ఇంజినును గట్టిగా తోలునప్పుడు పొగ వేడి 800 సెల్సియస్ డిగ్రీలను దాటి, ఒక్కొక్కప్పుడు 1000కి చేరువగును. అర మీటరు పొడవుగల 304 రకపు స్టెయిన్‌లెస్ గొట్టము 800 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 7 మిల్లీమీటర్లు సాగును. పోత ఇనుము అంతకన్న తక్కువ సాగును. మన పల్లెలలో బండిచక్రమునకు ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి ఎక్కించి నీళ్లు చల్లినప్పుడు, కుంచించుకొనుచు అది చెక్కను బిగించు బలము చూచినవారికి ఈ 7 మిల్లీమీటర్ల ప్రతాపము వేరుగా చెప్పనక్కరలేదు. ఒక కొన హెడ్‌కు, రెండవకొన టర్బోకు బిగింపబడిన గొట్టము సాగుటకు చోటు లేక, వెల్డు పక్కనే బీటవారును. టర్బో బరువు ఆధారము లేక దానిపైననే వ్రేలాడుచున్నచో మరింత త్వరగా బీటవారును. టైటానియము చేర్చిన 321 రకము 304 కన్న ఈ వేడిని చక్కగా ఓర్చుకొనును, కాని వెల యధికము. పలుచని మెరుగుగొట్టముకన్న, దాదాపు 2.8 మిల్లీమీటర్ల మందముగల షెడ్యూల్ 10 గొట్టముతో చేసినది కంటికి మోటుగా నుండినను చిరకాలము మన్నును.

కొన్న మానిఫోల్డ్ పెట్టె విప్పగానే గొట్టము నోటిలోనికి టార్చి వేసి చూడుడు. వెలుపల నెమలికంఠపు రంగులతో మెరయు వెల్డు, లోపల నల్లని గరుకు గుళికలుగా పొంగియున్నచో, వెల్డింగు వేళ గొట్టములో ఆర్గాన్ వాయువు నింపలేదని గ్రహింపవలెను. ఆ కాలిన లోహమునకు బలము తక్కువ. ఉక్కు స్కేలును ఫ్లాంజ్ ముఖముపై నిలువుగా పెట్టి, క్రింద ఫీలర్ గేజి రేకు ఎచ్చటనైనను దూరుచున్నదేమో పరీక్షింపుడు; వంకరగానున్న ఫ్లాంజ్ ఎంత మంచి గ్యాస్కెట్‌నైనను ఊదివేయును. అధికమైన పొగను టర్బోకు చేరనీయక మళ్లించు వేస్ట్‌గేట్ కొమ్మ ప్రవాహదిశకు అనుకూలముగా వంగి, అన్ని గొట్టముల పొగ కలియు చోటునుండి బయలుదేరవలెను. లంబముగా అతికించిన కొమ్మలోనికి పొగ మరలుటకు ఇష్టపడక, బూస్ట్, అనగా టర్బో కుక్కు గాలి ఒత్తిడి, మన అదుపు తప్పి పైకి ప్రాకును.

రోజూ ఐ-40 మీద ఆఫీసుకు పోయివచ్చుచు, అప్పుడప్పుడు మాత్రము యాక్సిలరేటరును నేలకు త్రొక్కువానికి, చక్కగా పోతపోసిన ఇనుప మానిఫోల్డే ఉత్తమమని నా దృఢాభిప్రాయము. దాని కురుచదారులవలన టర్బో త్వరగా మేల్కొనును, శీతకాలపు ఉదయములలో వేయిసార్లు వేడెక్కి చల్లారినను అది బీటవారుట అరుదు. సరిహద్దు దాటి, 1957లో తెరచిన వర్జీనియా ఇంటర్నేషనల్ రేస్‌వేకు పోయి, 3.27 మైళ్ల చుట్టును మరల మరల అధికవేగమున చుట్టువానికి మాత్రమే పొడవైన సమగొట్టముల మానిఫోల్డ్ తన వెలకు తగిన ఫలమిచ్చును. అతడు టర్బోకు వేరుగా ఉక్కు ఊత కూడ కట్టించుకొనవలెను.

చట్టమును మరువరాదు. 2002 మొదలు 2005 వరకు వచ్చిన అమెరికా డబ్ల్యూఆర్ఎక్స్‌లలో టర్బోకు ముందే ఒక చిన్న కేటలిటిక్ కన్వర్టర్ కలదు. అది విరిగి ముక్కలు టర్బోలో పడునను భయము నిరాధారము కాకున్నను, రోడ్డుపై తిరుగు బండినుండి దానిని తొలగించుట ఫెడరల్ వాయుశుద్ధి చట్టమునకు విరుద్ధమే. బండి కంప్యూటరును చదివి చేయు పొగపరీక్షయు కొన్నిచోట్ల కలదు. కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదసంఖ్య గల సరకును ఎంచుకొనినచో ఈ చిక్కు చాలవరకు తొలగును.

బిగింపు నాడు పాత నట్లు తిరిగి వాడక, వేడికి తగిన కొత్తవి తెప్పించుకొనుడు. టర్బోనుండి ఆయిలు తిరిగివచ్చు గొట్టము మెలికలేక నిటారుగా క్రిందికి దిగునట్లు చూడుడు. బ్రేకు గొట్టములకు, ఏసీ గొట్టములకు వేడి తగులకుండ రేకుకవచము అమర్చుడు. కొన్ని పర్యాయములు ఇంజిను పూర్తిగా వేడెక్కి చల్లారిన పిదప, టార్క్ రెంచితో ప్రతి నట్టును మరల ఒకసారి సరిచూడుడు.