దిల్‌సుఖ్‌నగర్ పక్కనే... పదిహేను వందల ఏళ్ల నాటి బండ!

'హైదరాబాద్ వయసెంత?' అని బళ్లో పిల్లాణ్నడిగినా 1591 అనీ, చార్మినార్ అనీ ఠక్కున చెప్పేస్తాడు. కానీ అంతకు పదకొండు వందల ఏళ్ల ముందే ఈ ఊళ్లో ఒకరు రాతి మీద తమ మాట చెక్కించి వెళ్లారు. ఎక్కడో గోల్కొండ కొండ మీద కాదు... దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న చైతన్యపురిలో!

ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటగానే వచ్చే స్టేషన్ చైతన్యపురి. అక్కడ దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డులూ బట్టల దుకాణాలూ దాటుకుని మూసీ వైపు నడిస్తే ఫణిగిరి కాలనీ. నది ఒడ్డున గుట్ట మీద కోసగుండ్ల నరసింహస్వామి గుడి. అక్కడి బండ మీదే ఉన్నాయి ఆ అక్షరాలు. లిపి బ్రాహ్మీ, భాష ప్రాకృతం. 1980ల్లో ఈ శాసనం వెలుగులోకి వచ్చింది. ప్రసిద్ధ శాసన పరిశోధకులు పి.వి.పరబ్రహ్మశాస్త్రి దాన్ని చదివి, క్రీస్తుశకం అయిదో శతాబ్దానికి చెందినదని తేల్చారు. భిక్షాన్నమే ఆధారంగా బతికే పిండపాతిక భిక్షువుల గురించీ, గోవిందరాజ విహారం గురించీ అందులో ఉంది. గోవిందరాజంటే విష్ణుకుండిన రాజు గోవిందవర్మ. ఆయన పట్టపురాణి బౌద్ధవిహారం కట్టించిందనీ, దానికి రాజు గ్రామాలు దానమిచ్చాడనీ ఇంద్రపాలనగరం... అదే నేటి తుమ్మలగూడెంలో దొరికిన రాగిరేకులు చెబుతున్నాయి. అన్నట్టు, సూర్యాపేట జిల్లాలోనూ ఒక ఫణిగిరి ఉంది. అదీ బౌద్ధ క్షేత్రమే. రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది!

ఇంత పాత బండ చుట్టూ జాతీయ పార్కు కట్టేస్తే సరిపోదా అనిపిస్తుంది. ఎల్బీనగర్ దాటగానే వనస్థలిపురంలో ఒకటి ఉందిగా! ఒకప్పుడు నిజాముల వేటస్థలమది. మహావీరుడి 2500వ నిర్వాణోత్సవం గుర్తుగా 1975లో హరిణ వనస్థలి అయింది, 1994లో జాతీయ పార్కయింది. ఆ ప్రకటనే లేకపోతే దాదాపు 3,600 ఎకరాల్లో ఈపాటికి కృష్ణజింకల బదులు అపార్టుమెంట్లు కనిపించేవి. కానీ చైతన్యపురి బండకు ఆ దారి లేదు. మన దేశంలో జాతీయ పార్కు అంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటించేది. అది జంతువులకూ చెట్లకూ వాటి ఆవాసానికీ సంబంధించింది. పాతరాళ్లకు వేరే చట్టాలున్నాయి. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటికి కేంద్రం చేసిన 1958 చట్టం, మిగిలినవాటికి 2017లో తెలంగాణ తెచ్చిన వారసత్వ చట్టం.

అమెరికాలో పద్ధతి వేరు. జార్జియా రాష్ట్రం మేకన్ దగ్గర ఆక్మల్గీ అనేచోట ఆదివాసులు కట్టిన మట్టిదిబ్బలున్నాయి. మస్కోగీ తెగవారిది ఆ నేల. 1830ల్లో వాళ్లను ఓక్లహామాకు తరిమేశారు. ఆ దిబ్బల చుట్టుపక్కల నదీతీరం జాతీయ పార్కు కావడానికి తగునో లేదో చూడమంటూ 2019లో ఏకంగా చట్టమే చేసింది అక్కడి పార్లమెంటు. 2023లో నివేదిక వచ్చింది. చారిత్రక ప్రాముఖ్యం ఉంది సరే, అంత భూమి సేకరించడమే కష్టమన్నారు అధికారులు. అయినా స్థానికులు ఊరుకోలేదు. 2024లో పార్కు బిల్లు సభ ముందుకొచ్చింది. ఆ తెగవారికీ నిర్వహణలో చోటివ్వాలన్నది అందులో ముఖ్యాంశం.

మనకు కావలసింది ఆ పార్కు కాదు, ముందు చూడమన్న ఆ పద్ధతి. ఎందుకంటే బండ చుట్టూ ఇళ్లున్నాయి. కేంద్ర రక్షిత కట్టడమైతే 2010 సవరణ ప్రకారం వంద మీటర్ల లోపు కొత్త కట్టడాలు నిషేధం. ఆపైన మరో రెండొందల మీటర్ల వరకూ అనుమతి ఉంటేనే ఇటుక పేర్చాలి. అప్పుచేసి అరవై గజాల్లో ఇల్లు కట్టుకుని, పెళ్లీడుకొచ్చిన కొడుక్కి పైన ఇంకో గది వేద్దామనుకునే కుటుంబానికి ఈ మాట చెబితే గుండె గుభేలుమనదూ? పైగా 2024లో మూసీ ప్రాజెక్టు సర్వేతో నది ఒడ్డు కాలనీలన్నీ బెంబేలెత్తాయి. ఆ భయం ఆరకముందే ఇంకో బోర్డు పాతితే, జనం శాసనాన్నే శత్రువుగా చూస్తారు.

1958 చట్టంలోనే ఒక మంచి ఏర్పాటుంది. రక్షిత కట్టడంగా ప్రకటించే ముందు రెండు నెలల నోటీసివ్వాలి. దాని ప్రతిని ఆ స్థలం దగ్గరే అంటించాలి. అభ్యంతరాలు వినాలి. ఆ రెండు నెలల కంటే ముందే బండను కొలిచి, అక్షరాల అచ్చు తీసి, గుడి హద్దేదో ఇళ్ల హద్దేదో పటం గీసి కాలనీవాళ్లకు తెలుగులో చూపిస్తే సగం గొడవ ఉండదు. స్వామివారికి పూజలు చేసే భక్తులనూ అందులో కూర్చోబెట్టాలి. ఇన్నాళ్లూ ఆ గుట్టకు జనం వస్తున్నారంటే వాళ్ల వల్లే కదా!

ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్తారా? అక్షరాలు సరిగా కనిపించడం లేదని చాక్‌పీసుతో దిద్దకండి, కుంకుమ పులమకండి. ఎండ ఏటవాలుగా పడే వేళ కాసేపు ఓపిగ్గా చూడండి... గీతలు నీడ కట్టి వాటంతటవే తేలతాయి.